నకిలీ నక్షత్రంతో నిజం తేల్చాడు!

బడిలో వెనకబడ్డ పిల్లాడు. రక్తం చూడలేక డాక్టరీ చదువు వదిలేసిన కుర్రాడు. గణితంలో గట్టి చదువు లేదని పెద్దలు పక్కన పెట్టిన శాస్త్రవేత్త. అయితేనేం? భూమి తిరుగుతోందని జనం కళ్లకు కట్టినట్టు చూపించాడు. కాంతి వేగాన్ని ఒక గదిలోనే కొలిచేశాడు. టెలిస్కోపు అద్దం మంచిదో కాదో తేల్చడానికి రాత్రి దాకా ఆగక్కర్లేదని, ఒక దీపం, ఓ సూది రంధ్రం, ఓ కత్తి చాలని ప్రపంచానికి నేర్పాడు. అతనే లియాన్ ఫూకో. లోలకం పాఠంలో ఈ పేరు మీరు వినే ఉంటారు. పాఠంలో లేని కథ ఇక్కడ చదవండి.

బొమ్మలు చేసిన చేతులు

ఫూకో 1819 సెప్టెంబరులో పారిస్‌లో పుట్టాడు. తండ్రి పుస్తకాల ప్రచురణకర్త. లియాన్‌కు పదేళ్లయినా నిండకముందే ఆయన చనిపోయాడు. అప్పటి నుంచి అన్నీ అమ్మే. పిల్లాడిది పీల శరీరం, తరచూ జబ్బులు. బడిలో చదువు అంతంత మాత్రం. పాఠాలు అప్పజెప్పడంలో వెనకే, పరీక్షల్లోనూ వెనకే. చివరికి ఇంట్లోనే మాస్టార్లను పెట్టి చదివించాల్సి వచ్చింది.

అయితే ఆ చేతులు మాత్రం ఊరుకునేవి కావు. చిన్న చిన్న పనిముట్లతో బొమ్మలు చేసేవాడు. తర్వాత ఓ టెలిగ్రాఫు నమూనా, పనిచేసే ఆవిరి యంత్రం కూడా తయారుచేశాడు. ఇంత నైపుణ్యం ఉన్న చేతులు సర్జన్‌కు బాగా పనికొస్తాయని అమ్మ అనుకుంది. వైద్య కళాశాలలో చేర్పించింది. అక్కడే కథ అడ్డం తిరిగింది.

డాక్టరు కాలేకపోయాడు, కానీ..

ఆసుపత్రిలో రక్తం, రోగుల బాధ చూసి ఫూకో తట్టుకోలేకపోయాడు. సర్జన్ కల అక్కడితో ముగిసింది. మన ఇళ్లలో అయితే ఇక వీడి జీవితం ఏమైపోతుందో అని ఎంత కంగారు పడతారో ఊహించుకోండి. కానీ ఆ కళాశాలలోనే ఆల్‌ఫ్రెడ్ డోనే అనే అధ్యాపకుడు ఈ కుర్రాడి చేతిపనిని గమనించాడు. సూక్ష్మదర్శిని పాఠాలు చెప్పే డోనే అతన్ని సహాయకుడిగా పెట్టుకున్నాడు.

అప్పటికి ఫొటోగ్రఫీ కళ్లు తెరిచి కొద్ది కాలమే అయింది. సూక్ష్మదర్శినిలో కనిపించే రక్తకణాలను ఫొటో తీయడం ఎలాగో ఫూకో సాధించాడు. ఆ ఫొటోల ఆధారంగా గీసిన చిత్రాలతో 1845లో డోనే పాఠ్యపుస్తకానికి అట్లాసు వచ్చింది. క్లాసులో అందరికీ కనిపించేలా చూపించాలంటే బలమైన వెలుతురు కావాలి. పారిస్ చలికాలంలో ఎండను నమ్ముకోలేం కదా! అందుకని విద్యుత్ ఆర్క్ దీపం మీద పనిచేశాడు. కర్బన కడ్డీలు కాలిపోతున్న కొద్దీ వాటి మధ్య దూరం పెరిగి వెలుగు ఆరిపోయేది. ఆ దూరాన్ని దానంతటదే సరిచేసే ఏర్పాటు తయారుచేశాడు. 1849లో పారిస్ ఒపేరాలో సూర్యోదయం దృశ్యానికి ఈ ఆర్క్ వెలుగునే వాడారు.

అదే 1845లో మరో బాధ్యత కూడా వచ్చిపడింది. ఒక ప్రముఖ దినపత్రికలో డోనే రాస్తున్న సైన్స్ కాలమ్‌ను ఫూకో అందుకున్నాడు. ఫ్రెంచి సైన్స్ అకాడమీ సమావేశాల్లో ఏం జరుగుతోందో మామూలు పాఠకుడికి అర్థమయ్యేలా రాయడమే పని. కష్టమైన విషయాన్ని తేలికగా చెప్పడం అక్కడే వంటబట్టింది. పెద్ద పెద్ద పేర్లున్నవాళ్ల పనిని కూడా మొహమాటం లేకుండా విమర్శించేవాడు. దాంతో శత్రువులూ తయారయ్యారు.

స్నేహం.. పోటీ

వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే హిప్పోలైట్ ఫిజో అనే మిత్రుడు దొరికాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే పిచ్చి. 1845 ఏప్రిల్ 2న ఇద్దరూ కలిసి సూర్యుణ్ని ఫొటో తీశారు. సూర్యుడి మచ్చలు కనిపించే తొలి ఫొటోల్లో అదొకటి.

అప్పట్లో భౌతికశాస్త్రంలో పెద్ద గొడవ ఒకటి నడుస్తోంది. కాంతి కణాల ప్రవాహమా, తరంగమా? కణాలైతే నీటిలో వేగం పెరగాలి. తరంగమైతే తగ్గాలి. గాలిలో, నీటిలో కాంతి వేగాన్ని పోల్చి చూస్తే తేలిపోతుంది. గిర్రున తిరిగే అద్దంతో ఆ పని చేయాలని మిత్రులిద్దరూ మొదలుపెట్టారు. మధ్యలో విడిపోయారు. ఎవరికి వాళ్లు పరుగు మొదలుపెట్టారు. 1850 వసంతంలో ఫూకో ముందు గమ్యం చేరాడు. నీటిలో కాంతి నెమ్మదిగానే పోతుందని తేల్చాడు. కొద్ది వారాల తేడాతో ఫిజో కూడా అదే ఫలితం చెప్పాడు. 1853లో ఫూకోకు డాక్టరేటు వచ్చింది ఈ పనికే.

నేలమాళిగలో లోలకం

ఫూకో అమ్మతో కలిసి పారిస్‌లోని దస్సా వీధిలో ఉండేవాడు. ఇల్లే ప్రయోగశాల. 1851 జనవరిలో ఆ ఇంటి నేలమాళిగలో రెండు మీటర్ల తీగకు 5 కిలోల గుండు వేలాడదీసి ఊపాడు. మొదటిసారి తీగ తెగిపోయింది. మళ్లీ కట్టాడు. అర్ధరాత్రి దాటాక రెండు గంటల వేళ చూస్తే, లోలకం ఊగే దిశ మెల్లగా పక్కకు జరుగుతోంది! నిజానికి జరుగుతున్నది లోలకం కాదు, దాని కింద భూమి.

ఫిబ్రవరిలో పారిస్ అబ్జర్వేటరీలో 11 మీటర్ల తీగతో శాస్త్రవేత్తలకు చూపించాడు. మార్చిలో పాంథియన్ గుమ్మటం కింద 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండుతో నగర ప్రజలందరికీ చూపించాడు. జనం విరగబడి వచ్చారు. ఇప్పుడు దిల్లీలో మన కొత్త పార్లమెంటు భవనంలోనూ ఫూకో లోలకం వేలాడుతోంది.

మరుసటి ఏడాది జైరోస్కోపును తయారుచేసి, ఆ పేరు కూడా తనే పెట్టాడు. 1855లో ఇంగ్లండు రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. ఇంత పేరొచ్చినా సొంత దేశపు సైన్స్ అకాడమీలో మాత్రం చోటు దొరకలేదు. లోలకం సంగతిని సమీకరణాల్లో ముందే ఊహించలేకపోయిన గణితజ్ఞులకు, గణితంలో పెద్దగా శిక్షణ లేని ఈ మనిషి ఒక తీగ, ఒక గుండుతో తేల్చేయడం మింగుడు పడలేదు.

పెద్ద టెలిస్కోపు కావాలి.. ఎలా?

లెక్కలతోనే నెప్ట్యూన్ ఎక్కడుందో చెప్పిన లె వెరియే మీకు తెలిసే ఉంటాడు. 1854లో ఆయన పారిస్ అబ్జర్వేటరీ డైరెక్టరయ్యాడు. మరుసటి ఏడాది చక్రవర్తి మూడో నెపోలియన్ చొరవతో ఫూకోకు అక్కడ భౌతికశాస్త్రవేత్తగా ఉద్యోగం వచ్చింది. అదే తొలి స్థిరమైన కొలువు! లె వెరియేకు పెద్ద టెలిస్కోపులు కావాలి. తయారు చేయడమెలా?

అప్పటికి రెండు దారులున్నాయి. ఒకటి కటకాల టెలిస్కోపు. రంగులు విడిపోకుండా ఉండాలంటే రెండు రకాల గాజుతో రెండు కటకాలు కలపాలి. అంటే నాలుగు తలాలు కచ్చితంగా అరగదీయాలి. గాజు లోపల ఒక్క బుడగ, ఒక్క చార ఉన్నా కుదరదు. రెండోది అద్దాల టెలిస్కోపు. కానీ అప్పట్లో అద్దం అంటే గాజు కాదు. రాగి, తగరం కలిపి పోతపోసిన లోహం. విపరీతమైన బరువు. తన మీద పడ్డ వెలుగులో మూడింట రెండు వంతులే తిప్పి పంపుతుంది. పైగా కొన్నాళ్లకు మసకబారుతుంది. మళ్లీ మెరుగు పెడితే ఆకారం మారిపోతుంది. అంటే పని మళ్లీ మొదటికొచ్చినట్టే!

1857లో ఫూకో మూడో దారి పట్టాడు. గాజును పుటాకారంగా అరగదీసి, దాని ముందు తలం మీద రసాయన పద్ధతిలో అతి పల్చటి వెండి పూత వేశాడు. వెండి 90 శాతానికి పైగా వెలుగును తిప్పి పంపుతుంది. నల్లబడితే యాసిడ్‌తో కడిగేసి కొత్త పూత వేసుకోవచ్చు. కింద గాజు ఆకారం చెక్కుచెదరదు. జర్మనీలో స్టైన్‌హైల్ కూడా దాదాపు అదే సమయంలో, విడిగా, ఈ ఆలోచనే చేశాడు. తొలి అద్దం వెడల్పు 10 సెంటీమీటర్లే. అయినా దారి దొరికింది.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. పూత వేయడం తేలికే. గాజు ఆకారం సరిగ్గా ఉందని తెలిసేదెలా? కటకం తలంలో ఉన్న లోపం కంటే అద్దం తలంలో ఉన్న లోపం ఎక్కువ చెడగొడుతుంది. కాంతి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి ఆ తప్పు రెట్టింపవుతుంది మరి. అందుకే అద్దం నునుపు మైక్రాన్‌లో పదో వంతు దాకా చూసుకోవాల్సిందే. ఆ రోజుల్లో పనివాళ్లు ఏం చేసేవారంటే.. అరగదీసి, బిగించి, రాత్రి దాకా ఆగి నక్షత్రాన్ని చూసేవారు. మబ్బు పడితే ఆ రోజు పని లేనట్టే. మబ్బు లేకపోయినా గాలి కదిలితే నక్షత్రం చెదిరిపోయి కనిపిస్తుంది. తప్పు అద్దానిదా, గాలిదా? ఒకవేళ అద్దానిదే అనుకున్నా, అద్దంలో ఏ మూల ఉంది? నక్షత్రం చెప్పదు. చేయితిరిగిన పనివాడి అంచనాయే దిక్కు.

దీపం, రంధ్రం, కత్తి

నక్షత్రం దగ్గరికి మనం వెళ్లలేం కాబట్టి నక్షత్రాన్నే గదిలోకి తెచ్చుకోవాలని ఫూకో అనుకున్నాడు. దీపం ముందు ఒక లోహపు రేకు పెట్టి, దానికి సూదిమొనంత రంధ్రం చేశాడు. అందులోంచి వచ్చే వెలుతురు చుక్కే నకిలీ నక్షత్రం. గదిలో గాలి నిలకడగా ఉంటుంది. మబ్బుల బెడద లేదు. పట్టపగలు కూడా పని సాగుతుంది.

పదో తరగతి భౌతికశాస్త్రం గుర్తు చేసుకోండి. పుటాకార దర్పణం వక్రతా కేంద్రం దగ్గర వస్తువును పెడితే ప్రతిబింబం కూడా అక్కడే ఏర్పడుతుంది. ఫూకో తన నకిలీ నక్షత్రాన్ని సరిగ్గా అక్కడ, కాస్త పక్కకు పెట్టాడు. దాని ప్రతిబింబం రెండో పక్కన ఏర్పడింది. ఇప్పుడు దాన్ని మూడు రకాలుగా పరీక్షించాడు. మొదటిది, చిన్న సూక్ష్మదర్శినితో ఆ చుక్కను చూడటం. చుక్క గుండ్రంగా, స్పష్టంగా ఉందా, తోకలూ మచ్చలూ ఉన్నాయా? రెండోది, చుక్కకు బదులు సన్నని గీతల జల్లెడను పెట్టి, దాని ప్రతిబింబంలో గీతలు వంకర పోతున్నాయేమో చూడటం. మూడోది అన్నిటికంటే గొప్పది. అదే కత్తి అంచు పరీక్ష. 1858లో ఇది పుట్టింది. 1859లో అబ్జర్వేటరీ సంచికలో పూర్తి వివరాలతో అచ్చయింది.

అదెలాగంటే.. ప్రతిబింబం ఏర్పడే చోటుకు సరిగ్గా వెనక కన్ను పెడితే అద్దం మొత్తం పున్నమి చంద్రుడిలా వెలుగుతూ కనిపిస్తుంది. ఇప్పుడు ఒక బ్లేడు అంచును పక్క నుంచి మెల్లగా జరుపుతూ ఆ ప్రతిబింబాన్ని కోయాలి. అద్దం కచ్చితమైన గోళంలో భాగమైతే, కిరణాలన్నీ ఒకే చుక్కలో కలుస్తాయి కాబట్టి, అద్దమంతా ఒక్కసారే సమానంగా మసకబారిపోతుంది. ఎక్కడైనా లోపం ఉందనుకోండి, అక్కడి నుంచి వచ్చే కిరణాలు ఆ చుక్క దగ్గర కలవవు. కొన్ని ముందే బ్లేడుకు తగిలి ఆగిపోతాయి, కొన్ని తప్పించుకుని కంటికి చేరతాయి. దాంతో అద్దం మీద కొన్నిచోట్ల నలుపు, కొన్నిచోట్ల తెలుపు. సాయంత్రం ఏటవాలు ఎండలో పొలం గట్లు, గుంటలు ఎలా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయో, అచ్చం అలాగే అద్దం మీది మిట్టపల్లాలు కనిపిస్తాయి.

ఎంత చిన్న మిట్ట? వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని లోపాన్ని ఈ పరీక్ష పట్టేస్తుంది. దీనికి ఖరీదైన యంత్రమేదీ లేదు. అద్దం ముందు అరచేయి పెడితే, చేతి వేడికి పైకి లేచే గాలి పొరలు కూడా పొగలా కనిపిస్తాయి! ఈ చివరి సంగతినే పట్టుకుని జర్మనీకి చెందిన టోప్లర్ గాలి ప్రవాహాలను చూసే ష్లీరెన్ పద్ధతిని తయారుచేశాడు. 1880ల్లో మాఖ్, జాల్‌కర్ దాంతోనే దూసుకెళ్లే తూటా ముందు ఏర్పడే ఆఘాత తరంగాన్ని ఫొటో తీశారు. విమానాల, రాకెట్ల నమూనాలను పరీక్షించే విండ్ టన్నెళ్లలో ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

తీసేయగలం, అతికించలేం

లోపం ఎక్కడుందో తెలిసింది. ఇక దిద్దడం. ఇక్కడా ఫూకో కొత్త దారి పట్టాడు. అంతకుముందు అద్దం మొత్తాన్నీ ఒకేలా రుద్దుతూ, మంచి ఆకారం రావాలని కోరుకునేవారు. ఫూకో మాత్రం మిట్ట ఉన్నచోటే చిన్న పనిముట్టుతో, చేత్తో రుద్దాడు. కాసేపు రుద్దడం, అద్దం చల్లబడేదాకా ఆగడం, మళ్లీ కత్తి పరీక్ష. గాజును తీసేయగలమే గానీ తిరిగి అతికించలేం. ఒకచోట గుంట ఎక్కువైతే, మిగతా అద్దమంతా ఆ లోతుకు దించాల్సిందే. అందుకే ప్రతిసారీ కొలవడం, కొంచెమే దిద్దడం.

మరో చిక్కు కూడా ఉంది. గోళాకారం గదిలోని దీపానికి సరిపోతుంది. కానీ అసలు నక్షత్రం అనంత దూరంలో ఉంటుంది, దాని కిరణాలు సమాంతరంగా వస్తాయి. వాటిని ఒకే బిందువు దగ్గరికి చేర్చేది పరావలయమే. ఈ రెండింటికీ తేడా ఎంత చిన్నదంటే, 15 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న అద్దంలో అంచు దగ్గర ఆ తేడా మైక్రాన్‌లో మూడో వంతు కూడా ఉండదు. అయినా ఆ కాస్త తేడాయే బొమ్మను చెడగొడుతుంది.

ఫూకో చేసిన ఉపాయం చూడండి. దీర్ఘవృత్తానికి రెండు నాభులుంటాయి కదా. ఒక నాభి దగ్గర చుక్క పెడితే వెలుగు రెండో నాభి దగ్గర కలుస్తుంది. అందుకని నకిలీ నక్షత్రాన్ని అద్దానికి కొంచెం దగ్గరికి జరిపాడు. ప్రతిబింబం కొంచెం దూరం వెళ్లింది. ఆ రెండు చోట్లకూ సరిపోయేలా అద్దాన్ని దిద్దాడు. మళ్లీ జరిపాడు, మళ్లీ దిద్దాడు. ఇలా ఒక్కో మెట్టు ఎక్కుతూ గోళం నుంచి దీర్ఘవృత్తాలకు, వాటి నుంచి పరావలయం అంచుకు చేరాడు. ఒక్కసారే గెంతకుండా, ప్రతి మెట్టు దగ్గరా సరిచూసుకునే వీలున్న దారి ఇది. చివరి మాట మాత్రం ఆకాశానిదే. దగ్గర దగ్గరగా ఉన్న జంట నక్షత్రాలు విడివిడిగా కనిపిస్తే అద్దం గెలిచినట్టు.

మార్సేలో మహా టెలిస్కోపు

1862కు ఫూకో అద్దం 80 సెంటీమీటర్లకు పెరిగింది. గాలి నిర్మలంగా ఉండే దక్షిణ ఫ్రాన్స్ మేలని, ఆ టెలిస్కోపును 1864లో మార్సే నగరానికి తరలించారు. అక్కడ ఎడ్వార్ స్టెఫాన్ దాంతో పనిచేశాడు. 1877లో ఆయన చూసిన అయిదు గెలాక్సీల గుంపును ఇప్పటికీ స్టెఫాన్ పంచకం అనే పిలుస్తారు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2022లో విడుదల చేసిన మొదటి ఫొటోల్లో ఆ గుంపు కూడా ఉంది.

ఇంకో చిత్రం. నక్షత్రాల కోణీయ వ్యాసం కొలవడానికి టెలిస్కోపు ముందు రెండు చీలికలు పెట్టి చూడొచ్చని ఓ ఆలోచన వచ్చింది. 1870ల్లో స్టెఫాన్ దాన్ని ప్రయత్నించింది ఫూకో అద్దంతోనే. ఆలోచన ఎవరిదనుకున్నారు? ఫిజోది! విడిపోయిన మిత్రులిద్దరి పని అలా మళ్లీ ఒకచోట కలిసింది. అప్పటికి ఫూకో లేడు.

1862లోనే ఫూకో మళ్లీ తిరిగే అద్దం చేతపట్టి కాంతి వేగాన్ని గదిలోనే కొలిచాడు. సెకనుకు 2,98,000 కిలోమీటర్లని లెక్క తేలింది. ఇప్పుడు మనం చెప్పే 2,99,792కి ఎంత దగ్గరో చూడండి. అకాడమీ తలుపులు మాత్రం 1865లోగానీ తెరుచుకోలేదు. అందులో కూర్చోవడానికి ఎక్కువ కాలం మిగల్లేదు. 1867లో పక్షవాతం వచ్చింది. మాట, చూపు, చేతులు ఒక్కొక్కటిగా లొంగిపోయాయి. ఆ చేతులతోనే బతికినవాడికి అంతకంటే శిక్ష ఏముంటుంది? 1868 ఫిబ్రవరి 11న, 48 ఏళ్లకే కన్నుమూశాడు. ఐఫిల్ టవర్ మీద చెక్కిన 72 మంది పేర్లలో ఫూకో పేరూ ఉంది.

పరీక్షను పట్టించుకోకపోతే..

ఫూకో తన పద్ధతిని దాచుకోలేదు. అంతకుముందు అద్దాలు చేయడం అంటే గురువు నుంచి శిష్యుడికి మాత్రమే అందే రహస్యం. ఫూకో వ్యాసం చదివిన ఎవరైనా తమ అద్దాన్ని తామే పరీక్షించుకోవచ్చు. ఆ తర్వాత వచ్చిన పెద్ద టెలిస్కోపులన్నీ దాదాపుగా పూత వేసిన గాజు అద్దాలే. ఇప్పుడు వెండికి బదులు ఎక్కువగా అల్యూమినియం వేస్తున్నారు, అంతే తేడా.

పరీక్ష విలువ తెలియాలంటే హబుల్ కథ గుర్తు చేసుకోవాలి. 1990లో అంతరిక్షంలోకి వెళ్లిన ఆ టెలిస్కోపు పంపిన ఫొటోలు మసకగా వచ్చాయి. 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్లు తప్పింది. అద్దాన్ని పరీక్షించే పరికరంలోనే ఒక కటకాన్ని ఉండాల్సిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్ల తేడాతో బిగించారు. తప్పుడు కొలబద్దతో కచ్చితంగా అరగదీశారన్నమాట! విషాదం ఏమిటంటే, మరో రెండు సాదా పరీక్షలు తేడా ఉందని ముందే చెప్పాయి. ఖరీదైన పరికరం మీద నమ్మకంతో వాటిని పక్కన పెట్టేశారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దిద్దాల్సి వచ్చింది.

మన దేశంలోనూ ఈ విద్యకు వేళ్లున్నాయి. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో తండ్రి పనిచేస్తుండగా పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు, భారత్‌లోనే పెద్ద టెలిస్కోపు తయారు కావాలని పట్టుబట్టాడు. తమిళనాడు కావలూరులోని 2.34 మీటర్ల టెలిస్కోపు అద్దాన్ని బెంగళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థ వర్క్‌షాపులోనే అరగదీసి మెరుగు పెట్టారు. 1986లో అది పనిలోకి వచ్చేనాటికి బప్పు లేడు. ఇప్పుడు ఆ టెలిస్కోపుకు ఆయన పేరే.

మీరూ చేసి చూడండి

నకిలీ నక్షత్రం ఇవాళ టెలిస్కోపు సరిచేసుకోవడానికీ పనికొస్తుంది. మీ కాలేజీలో ఓ చిన్న అద్దాల టెలిస్కోపు ఉందనుకోండి. ఎల్‌ఈడీ టార్చి ముందు వంటింటి అల్యూమినియం రేకు చుట్టి, సూదిమొనను తాకీ తాకనట్టు పొడవండి. అదే మీ నక్షత్రం. నాభ్యంతరానికి కనీసం 20 రెట్ల దూరంలో పెట్టండి. అంటే 120 సెంటీమీటర్ల టెలిస్కోపుకు 24 మీటర్లు. పొడవాటి వరండా సరిపోతుంది. రంధ్రం పెద్దదైందనిపిస్తే ఇంకా దూరం జరపండి.

ఎక్కువ మాగ్నిఫికేషన్ ఇచ్చే ఐపీసు పెట్టి చుక్కను దృశ్యక్షేత్రం మధ్యకు తెచ్చి, ఫోకస్ కొంచెం తప్పించండి. చుక్క ఉబ్బి, నడుమ చీకటి మచ్చతో వలయాలుగా కనిపిస్తుంది. వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే అద్దాలు సరిగ్గా కుదిరినట్టు. ఒక పక్కకు ఒరిగి ఉంటే, ప్రధాన అద్దం వెనక ఉన్న మరలను కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతిసారీ చుక్కను మళ్లీ మధ్యకు తెచ్చి చూసుకోండి. ఒకేసారి రెండు మరలు తిప్పొద్దు. ఏది తిప్పితే ఏమైందో తెలియకుండా పోతుంది. లేజరును మాత్రం నకిలీ నక్షత్రంగా వాడొద్దు, కంటికి ప్రమాదం.

ఈ దారిలో కెరియర్

అద్దాలు, కటకాలు తయారుచేసి పరీక్షించే నైపుణ్యం ఇప్పుడు అంతరిక్షం నుంచి సెల్‌ఫోన్ కెమెరా దాకా అందరికీ కావాలి. భౌతికశాస్త్రంలో డిగ్రీ, పీజీ చేసినవాళ్లకూ, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్లకూ ఆప్టిక్స్‌లో ఎంటెక్, పీహెచ్‌డీ దారులున్నాయి. ఐఐటీ దిల్లీ వంటి చోట్ల అప్లైడ్ ఆప్టిక్స్ చదువుకోవచ్చు. ఉపగ్రహాల ఆప్టికల్ పరికరాల కోసం బెంగళూరులో ఇస్రోకు ప్రత్యేక ప్రయోగశాల ఉంది. థర్టీ మీటర్ టెలిస్కోపు అద్దపు ముక్కలకు మెరుగు పెట్టేందుకు భారత ఖగోళభౌతిక సంస్థ హొసకోటెలో కేంద్రం ఏర్పాటు చేసింది. డిగ్రీతో పాటు ఇక్కడ చేతిపనికి, ఓపికకు చాలా విలువ. ఇంట్లో ఓ చిన్న అద్దాన్ని స్వయంగా అరగదీసి పరీక్షించిన అనుభవం ఉంటే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి బోలెడంత ఉంటుంది.

ఫూకోకు మార్కులు రాలేదు. వైద్యం కుదరలేదు. గణితం తోడు రాలేదు. ఒక్క అలవాటు మాత్రం చివరిదాకా విడవలేదు. బాగుందని ఎవరైనా చెప్పేదాకా ఎదురుచూడకుండా, తన పనిలో తప్పెక్కడుందో చూపించే పరీక్షను తనే తయారుచేసుకునేవాడు. తప్పు ఎక్కడుందో తెలిస్తే దిద్దడానికి అరచేతిలో పట్టే పనిముట్టు చాలు. ప్రాక్టీస్ పేపర్లో మార్కుల మొత్తం చూసి మూసేసే అలవాటు మీకుంటే, ఈసారి ఏ ప్రశ్నలో, ఏ మెట్టు దగ్గర తప్పిందో గుర్తుపెట్టి చూడండి. మిట్ట ఎక్కడుందో తెలిస్తే అక్కడే రుద్దితే సరిపోతుంది.